బంతి, బిళ్ల, ఫలాసక్తి

ఫలం మీద ఆశ పెట్టుకోకుండా కర్మ చేయాలన్న భగవద్గీత బోధ తెలుగు ఇళ్లలో సామెత అంత వాడుకలోకి వచ్చింది. వాడుకలోకి వచ్చిన కొద్దీ దాని వెంట ఉన్న చిక్కు మరుగున పడింది. ప్రయోజనం కనిపించనిదే మందబుద్ధి సైతం పనికి పూనుకోడని మీమాంసకులు ఏనాడో వాదించారు. మీమాంసకులంటే వేదంలోని కర్మభాగాన్ని ప్రమాణంగా తీసుకుని, ఏ కర్మను ఎందుకు, ఏ విధంగా చేయాలో విచారించిన శాస్త్రకారులు. వారి వాదంలో బలం ఉంది. గిద్దలూరు మెట్ట పొలంలో కంది విత్తే రైతు పంట కోరకుండా విత్తడు. మార్కాపురంలో పలక రాయిని రేకులుగా చీల్చే కార్మికుడు కూలి కోరకుండా ఉలి పట్టడు. అటువంటప్పుడు ఫలాసక్తిని, అంటే పని వల్ల రాబోయేదానికి మనసు అంటుకుపోవడాన్ని విడవమన్న గీత వారిని ఏం విడవమంటున్నట్టు? గురిని కూడా విడవమనా? గురి లేకపోతే పని సాగేది ఎలా?

ఈ ప్రశ్నను యజ్ఞం, యుద్ధం, సేద్యం వంటి పెద్ద కర్మల్లో పరిశీలించడం పరిపాటి. ఆ కర్మల్లో ఫలం మనిషి బతుకుతో ముడిపడి ఉంటుంది కనుక గురి ఎక్కడ ముగిసి ఆశ ఎక్కడ మొదలవుతుందో విడదీసి చూడడం కష్టం. ఆటలో ఆ రెండూ వేరువేరుగా కనిపిస్తాయి. ఆటల్లోనూ గోల్ఫ్ ఈ విచారణకు మరీ అనువైనది. విశాలమైన పచ్చిక మైదానంలో చిన్న బంతిని కర్రతో కొడుతూ, దూరాన నేలలో తవ్విన గుంటలోకి వీలైనన్ని తక్కువ దెబ్బల్లో చేర్చడమే గోల్ఫ్. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములకు మించకూడదు. గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు. ఆటగాడి సంచిలో 14 కర్రలకు మించి ఉండకూడదు. 18 గుంటలు పూర్తిచేస్తే ఒక ఆట. క్రికెట్లో బంతి మీదికి వస్తుంది, కబడ్డీలో మనిషి మీదికి వస్తాడు, ఆలోచించే వ్యవధి ఉండదు. గోల్ఫ్‌లో బంతి నేల మీద కదలకుండా ఉంటుంది. దాన్ని విసిరేవాడు లేడు, అడ్డుకునేవాడు లేడు, గురి తప్పితే నెపం వేయడానికి ఎదుట మనిషీ లేడు. మనసుకు కావలసినంత తీరిక దొరుకుతుంది కనుక అది చేసే చేటంతా బయటపడుతుంది.

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం పరిసరాల్లో గోల్ఫ్ మైదానం లేదు. హైదరాబాదులో గోల్కొండ నయా ఖిల్లా దగ్గర ఒకటి, విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ క్లబ్బుది ఒకటి తెలుగువారికి పరిచయమైనవి. అయినా ఆ ఆటలోని సారం ఈ పశ్చిమ ప్రకాశం నేలకు కొత్తది కాదు. బిళ్లంగోడు, కర్రాబిళ్ల, గూటీబిళ్ల అని ఊరికొక పేరుతో పిలిచే ఆట ఇక్కడి వీధుల్లో, పంట కోసిన చేలల్లో తరతరాలుగా ఆడినదే. మూరెడు పైచిలుకు కర్ర ఒకటి, రెండు కొసలూ సన్నగా చెక్కిన జానెడు లోపు బిళ్ల ఒకటి, నేలలో చిన్న గాడి ఒకటి ఉంటే చాలు. బిళ్లను నేల మీద పెట్టి, దాని సన్నని కొస మీద కర్రతో కొట్టాలి. కొస కిందికి అణగగానే బిళ్ల గాలిలోకి ఎగురుతుంది. అది మోకాలి ఎత్తుకు లేచి, ఇంకా కిందికి దిగకముందు ఉన్న క్షణంలో రెండో దెబ్బ తగలాలి. ఆ క్షణంలో చూపు బిళ్ల మీద ఉన్న పిల్లవాడి దెబ్బ చేను దాటుతుంది. పట్టుకోవడానికి ఎదురుగా నిలబడ్డవాళ్ల వైపు చూపు పోయినవాడి కర్ర గాలిని కొడుతుంది.

ఇందులో బిళ్లను పైకి లేపాలంటే దాన్ని కిందికే కొట్టాలన్న రహస్యం ఒకటి ఉంది. గోల్ఫ్ నేర్చుకునే ఔత్సాహికులకు గురువులు మొదట చెప్పవలసివచ్చే సలహా కూడా సరిగ్గా ఇదే. బంతిని పైకి ఎత్తాలన్న ఆత్రంతో కొత్తవాడు కర్రను కింది నుంచి పైకి ఎగదోస్తాడు. కర్ర అంచు బంతి నెత్తిన తగిలి, బంతి నేల మీద దొర్లుకుంటూ పోతుంది. కర్ర ముఖం ముందే కొంత వాలుగా చేయబడి ఉంటుంది. కర్రను బంతి వైపు కిందికి దిగనిస్తే ఆ వాలే బంతిని ఎత్తుతుంది. ఎత్తడం ఆటగాడి పని కాదు, పనిముట్టు పని. ఇసుక గుంటలో పడిన బంతి విషయంలో ఈ మాట మరింత స్పష్టమవుతుంది. అక్కడ బంతిని నేరుగా కొట్టకూడదు. దానికి అంగుళం, రెండంగుళాల వెనక ఉన్న ఇసుకను కొట్టాలి. ఇసుక లేచి తనతోపాటు బంతిని బయట వేస్తుంది. బంతి బయటికి రావాలన్న ఆరాటంతో బంతినే కొట్టినవాడిది మళ్లీ అదే గుంటలో ఉంటుంది.

మహాభారతం ఆదిపర్వంలో ద్రోణుడు హస్తినాపురంలో ప్రవేశించే ఘట్టం కూడా ఇటువంటి ఆటతోనే మొదలవుతుంది. కురుకుమారులు ఊరి బయట ఆడుకుంటూ ఉండగా వారి ఆటవస్తువు నీరు లేని బావిలో పడుతుంది; దాన్ని తీసే ఉపాయం వారికి తోచదు; ద్రోణుడు దర్భపుల్లలను మంత్రించి, ఒకదాని వెనక ఒకటి గుచ్చుకునేలా వేసి పైకి తీస్తాడు. సంస్కృత మూలంలో ఆ వస్తువుకు ‘వీటా’ అని పేరు. తెలుగు భారతంలో అది బంతి అయింది గానీ, యవల గింజ ఆకారంలో జానెడు పొడవున చెక్కి, కర్రతో కొడుతూ పిల్లలు ఆడుకునే కొయ్యముక్క అని వ్యాఖ్యాతలు, నిఘంటుకారులు అర్థం చెప్పారు. మార్కాపురం పిల్లవాడికి ఆ వర్ణన చదివి వినిపిస్తే అది బిళ్ల అని వెంటనే చెబుతాడు. కర్ర, బిళ్ల ఆట ఒక ధనుర్విద్యాచార్యుణ్ని రాజకుమారుల దగ్గరికి తెచ్చింది. గోల్ఫ్ పుట్టిన స్కాట్లండ్‌లో జరిగినది దీనికి తలకిందులు: 1457లో ఆ దేశపు పార్లమెంటు, ప్రజలు విలువిద్య అభ్యాసం మానుకుంటున్నారన్న చింతతో గోల్ఫ్‌నూ ఫుట్‌బాల్‌నూ నిషేధించింది. రెండు దేశాల్లోనూ కర్ర ఆటను విల్లుతో కలిపి ఆలోచించారన్నది గమనించదగినది. రెండింటిలోనూ దూరాన ఉన్నదానిపై గురి ఉంటుంది. చేతిలో ఉన్నది విడిచిన తరువాత దాని మీద మనిషికి అధికారం ఉండదు.

ఈ అధికారం అన్న మాట దగ్గరే గీత బోధ ఆగి ఉంది. రెండవ అధ్యాయం 47వ శ్లోకం మనిషి అధికారాన్ని కర్మ వరకే పరిమితం చేస్తుంది. అధికారం అంటే ఇక్కడ పెత్తనం కాదు. ఒకరి వంతుగా వచ్చినది, ఒకరి చేతిలో ఉన్నది అని అర్థం. గోల్ఫ్ ఆడే ఔత్సాహికులకు క్లబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే సలహా, దెబ్బ పూర్తయ్యే వరకు తల ఎత్తవద్దన్నది. కర్ర ఇంకా బంతిని తాకకముందే బంతి ఎటు పోయిందో చూడాలన్న తొందరలో తల లేస్తుంది, తలతోపాటు భుజం లేస్తుంది, భుజంతోపాటు కర్ర లేస్తుంది, దెబ్బ చెడుతుంది. ఇంకా పుట్టని ఫలాన్ని చూడబోయి, ఫలానికి కారణమయ్యే కర్మనే పాడుచేసుకోవడం అంటే ఇదే. ఫలాసక్తి అనే సూక్ష్మమైన మనోదోషం మెడ కండరాల్లో ఇంత స్థూలంగా కనిపించే సందర్భం మరొకటి దొరకడం కష్టం.

కానీ ఈ పోలికను ఇక్కడితో ముగిస్తే అది సగం నిజమే అవుతుంది. స్వీడన్‌కు చెందిన అన్నికా సోరెన్‌స్టామ్ మహిళల గోల్ఫ్‌లో పది మేజర్ టైటిళ్లు, అంటే ఆ ఆటలో అగ్రశ్రేణి పోటీల విజయాలు సాధించిన క్రీడాకారిణి. ఆమె కర్ర బంతిని తాకే వేళకే ఆమె తల గురి వైపు తిరిగిపోయి ఉండేది. తల ఎత్తడమే దోషమైతే ఆమె గెలిచి ఉండకూడదు. మరోవైపు, గురువు మాట పట్టుకుని తలను బలవంతంగా కిందికి అణచిపెట్టే ఔత్సాహికుడి ఒళ్లు బిగుసుకుపోతుంది, దెబ్బ సగంలో ఆగిపోతుంది. తల కిందికే ఉన్నా మనసు బంతి వెంట ఎప్పుడో పరిగెత్తి ఉంటుంది. గీత మూడవ అధ్యాయం 6వ శ్లోకం కర్మేంద్రియాలను అదిమిపెట్టి మనసులో విషయాలను తలుచుకుంటూ కూర్చునేవాణ్ని మిథ్యాచారుడని పిలుస్తుంది. మిథ్యాచారం అంటే లోపల లేని నిగ్రహాన్ని బయట చూపడం. సోరెన్‌స్టామ్ తల తిరిగింది, ఆమె మనసు తిరగలేదు. కొత్తవాడి తల తిరగలేదు, మనసు తిరిగింది. త్యాగం ఏ అవయవంలో ఉండాలన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు శాస్త్రచర్చల్లో కూడా అరుదు.

గురి విషయానికి వస్తే, లక్ష్యం వేరు, ఫలం వేరు అన్నదే ఈ వ్యాసం ప్రధానంగా చెప్పదలచినది. లక్ష్యం కర్మలో అంతర్భాగం. గుంట ఎటు ఉందో తెలియకుండా కర్ర ఎత్తడం కర్మ కాదు, ఊరికే చేయి ఊపడం. చెట్టు మీది పక్షిని చూపించి ద్రోణుడు శిష్యులను పరీక్షించినప్పుడు అర్జునుడికి పక్షి తల మాత్రమే కనిపించింది. అతడు లక్ష్యాన్ని విడవలేదు సరికదా, లక్ష్యం తప్ప మిగతావన్నీ విడిచాడు. ఆ మిగతావాటిలో గురువు మెప్పు ఉంది, అన్నదమ్ముల ఎదుట గొప్ప ఉంది, తప్పితే కలిగే అవమానం ఉంది. ఇవే ఫలం. బంతి గుంట దగ్గర పడాలన్నది లక్ష్యం. పడితే పక్కవాడు ఏమంటాడన్నది ఫలం. మొదటిది ఎంత స్పష్టంగా ఉంటే పని అంత బాగుంటుంది; రెండోది ఎంత స్పష్టంగా ఉంటే పని అంత చెడుతుంది. మీమాంసకుల ఆక్షేపం లక్ష్యం విషయంలో చెల్లుతుంది, ఫలం విషయంలో చెల్లదు. ఔత్సాహికుడు ప్రతి దెబ్బకు ముందు బంతి వెనక నిలబడి గురి వైపు ఒకసారి నిదానంగా చూసి, గుంట దిక్కున తన అడుగు దూరంలో ఒక గడ్డిపోచనో ఎండుటాకునో గుర్తు పెట్టుకుని, ఇక దూరాన ఉన్న గుంటను వదిలి ఆ గుర్తు మీదుగా కొట్టడం మంచి పద్ధతి. దూరపు లక్ష్యం దగ్గరి కర్మలోకి వచ్చి చేరుతుంది.

పశ్చిమ ప్రకాశంలో ఈ విషయాన్ని ధ్యానించడానికి త్రిపురాంతకం కంటే తగిన చోటు లేదు. శ్రీశైలానికి తూర్పు ద్వారంగా పేరుపొందిన ఈ క్షేత్రంలో కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలా త్రిపురసుందరి కొలువై ఉన్నారు. ఆ పేరు వెనక ఉన్న కథలో తారకాసురుడి ముగ్గురు కొడుకులు బంగారు, వెండి, ఇనుప పురాలలో ఆకాశంలో తిరుగుతూ ఉంటారు. వేయి సంవత్సరాలకు ఒకసారి ఆ మూడు పురాలూ ఒకే వరుసలోకి వస్తాయి. ఆ క్షణాన ఒకే బాణంతో కొట్టగలిగినవాడి చేతిలోనే వారికి చావు. భూమి రథంగా, మేరువు విల్లుగా, విష్ణువు బాణంగా శివుడు సిద్ధమై ఉన్నా, ఆ వరుస కుదిరే వరకు వేచి ఉన్నాడు. ఈ కథలో అందరూ ఒక్క బాణాన్ని చెప్పుకుంటారు. బాణం విడవకుండా ఉన్న కాలాన్ని కూడా చెప్పుకోవాలి. విల్లు ఎక్కుపెట్టి ఉంది, శత్రువు కనిపిస్తున్నాడు, దేవతలందరూ చూస్తున్నారు. అయినా తొందర లేదు. గోల్ఫ్ ఆడేవాడు బంతి దగ్గర నిలబడి, వెనక వచ్చే ఆటగాళ్లు చూస్తున్నారన్న స్పృహతో, ఊపిరి కుదురుకోకుండానే కర్ర ఎత్తినప్పుడు చేసే పొరపాటు ఆ తొందరలోనే ఉంది.

విడిచిన బాణం మళ్లీ అమ్ములపొదిలోకి రాదన్న పోలికను వేదాంతులు ప్రారబ్ధాన్ని వివరించడానికి వాడతారు. ప్రారబ్ధం అంటే చేసిన కర్మల్లో ఫలం ఇవ్వడం ఇప్పటికే మొదలుపెట్టిన భాగం. జ్ఞానం కలిగినా అది తన వేగం తీరే వరకు సాగుతుందని శంకరుల సంప్రదాయం చెబుతుంది. గోల్ఫ్ నియమాలకు పునాదిగా ఉన్న సూత్రం దీనికి చాలా దగ్గర. బంతి ఎక్కడ పడితే అక్కడి నుంచే, ఎలా పడితే అలాగే కొట్టాలి. చెట్టు వేరు పక్కన పడినా, ఎవరో తవ్వి వదిలిన పెళ్ల మీద పడినా, చేతితో తీసి మంచి చోట పెట్టుకోకూడదు. పోయిన బంతి కోసం వెతికేందుకు పూర్వం 5 నిమిషాలు ఇచ్చేవారు. 2019 నుంచి 3 నిమిషాలే. ఆ తరువాత బంతి పోయినట్టే లెక్క, శిక్షగా ఒక దెబ్బ కలుపుకుని, అంతకుముందు కొట్టిన చోటి నుంచే మళ్లీ కొట్టాలి. పోయినదాని కోసం విచారించే కాలానికి కూడా హద్దు పెట్టిన నియమం ఇది. చెడిన దెబ్బను తలుచుకుంటూ తరువాతి దెబ్బ కొట్టవద్దన్నది ఔత్సాహికులకు ఇవ్వదగిన సలహాలన్నింటిలో ఎక్కువ మేలు చేసేది. ఎందుకంటే మొదటి తప్పు ప్రారబ్ధం, దాని మీద దుఃఖంతో చేసే రెండో తప్పు ఆగామి, అంటే ఇప్పుడు కొత్తగా మూటగట్టుకునేది.

గాలి, నేల, బంతి గెంతు ఆటగాడి చేతిలో లేవన్నది ఆటగాళ్లందరూ ఒప్పుకునే మాటే. గీత పద్దెనిమిదవ అధ్యాయం 14వ శ్లోకం దీన్ని పద్ధతి ప్రకారం చెప్పింది. ఏ కార్యానికైనా అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం అని అయిదు కారణాలు. గీతలో అధిష్ఠానం అంటే కర్మకు ఆధారమైన దేహమని శంకరుల వ్యాఖ్య. ఆటకు అన్వయించేటప్పుడు కాలు మోపిన నేలను కూడా అందులో చేర్చుకోవచ్చు. కరణాలు అంటే పనిముట్లు, గోల్ఫ్‌లో ఆ 14 కర్రలు. చేష్టలు శరీరపు కదలికలు. అయిదోది దైవం. మంచి దెబ్బ రాయి తగిలి పక్కకు పోవచ్చు, చెడ్డ దెబ్బ అదే రాయి తగిలి గుంట దగ్గరికి చేరవచ్చు. ఈ అయిదింటిలో తన్ను ఒక్కడినే కారణంగా చూసుకునేవాడు సరిగా చూడడం లేదని గీత ఆ వెంటనే అంటుంది. కంభం చెరువు కింద వ్యవసాయం చేసినవారికి ఈ శ్లోకానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. విజయనగర కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే ఆ పెద్ద చెరువు నిండిన ఏడూ రైతు అతడే, ఎండిన ఏడూ రైతు అతడే. నిండిన ఏడు తన ప్రయోజకత్వం అనుకోనివాడు ఎండిన ఏడు కుంగిపోడు. గెలిచిన రోజున దైవాన్ని తలవని ఆటగాడు ఓడిన రోజున మాత్రం గాలిని నిందిస్తే, అతడు అయిదో కారణాన్ని నమ్ముతున్నట్టు కాదు, వాడుకుంటున్నట్టు.

గోల్ఫ్‌నూ గీతనూ కలిపి చూసిన పాశ్చాత్య రచయితలూ ఉన్నారు. 1956, 1957 ప్రాంతంలో పుదుచ్చేరి అరవిందాశ్రమంలో గడిపిన అమెరికన్ మైకేల్ మర్ఫీ 1972లో ‘గోల్ఫ్ ఇన్ ది కింగ్‌డమ్’ అనే పుస్తకం రాసి, గోల్ఫ్ గురువును యోగిగా చిత్రించాడు. స్టీవెన్ ప్రెస్‌ఫీల్డ్ 1995లో రాసిన ‘ది లెజెండ్ ఆఫ్ బ్యాగర్ వాన్స్’ నవల గీత కథను నేరుగా గోల్ఫ్ మైదానంలోకి తెచ్చింది. యుద్ధంలో మనసు విరిగి, ఆడనని కూర్చున్న ఆర్. జునా అనే ఆటగాడి పేరులో అర్జునుడు, అతని కర్రల సంచి మోసే బ్యాగర్ వాన్స్ పేరులో భగవాన్ శబ్దం దాగి ఉన్నాయి. సారథి స్థానంలో సంచి మోసేవాణ్ని నిలపడం మంచి ఊహ. సేవకుడి రూపంలో గురువు ఉండడం భారతీయ సంప్రదాయానికి సహజంగా అనిపిస్తుంది. 2000లో రాబర్ట్ రెడ్‌ఫర్డ్ దీన్ని సినిమాగా తీశాడు.

ఈ ధోరణిలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఫలం మీద ఆశ విడిస్తే దెబ్బ బాగా పడుతుందని తెలిసిన ఆటగాడు, దెబ్బ బాగా పడాలన్న ఆశతోనే ఆశ విడవబోతాడు. ఇది తనను తాను కొరుక్కునే వాదం. ఫలాన్ని ముందు గుమ్మంలో వదిలినట్టు చేసి వెనక గుమ్మంలోంచి లోపలికి తెచ్చుకోవడం త్యాగం కాదు. రెండవ అధ్యాయం 50వ శ్లోకంలో యోగాన్ని కర్మల్లో నేర్పుగా చెప్పిన మాటను నేడు పని సామర్థ్యానికి ఆదర్శవాక్యంగా వాడుతున్నారు గానీ, శంకరులు దానికి చెప్పిన అర్థం వేరు. స్వభావరీత్యా బంధించే కర్మలు సమబుద్ధి వల్ల బంధించే గుణం పోగొట్టుకోవడమే ఆ నేర్పు. అంటే కర్మ ఎంత బాగా జరిగిందన్నది కాదు, చేసినవాణ్ని అది ఎంత వదిలిపెట్టిందన్నది కొలత. ఆ కొలతతో చూస్తే, వంద దెబ్బల్లో ఆట ముగించి నిశ్చింతగా ఇంటికి వెళ్లి నిద్రపోయే ఔత్సాహికుడు, డెబ్బై దెబ్బల్లో ముగించి డెబ్బయ్యో దెబ్బను తలుచుకుంటూ రాత్రంతా పొర్లాడేవాడికంటే నేర్పరి. గీత ఆటలో గెలిపించే ఉపాయం కాదు. దాన్ని ఉపాయంగా పట్టుకున్నవాడికి కూడా అది కొంత దూరం తోడు వస్తుంది, ఆపైన ఉపాయాన్ని విడవమంటుంది.

ఈ సమబుద్ధికి నిజమైన పరీక్ష దెబ్బలో కంటే లెక్కలో ఉంటుంది. గోల్ఫ్‌లో చాలా సందర్భాల్లో ఆటగాడి వెంట తీర్పరి ఉండడు. తన దెబ్బలు తానే నిజాయితీగా లెక్కపెట్టి చెప్పుకోవాలి. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో ఔత్సాహిక ఆటగాడు బాబీ జోన్స్ పొడుగు గడ్డిలో కర్ర ఆన్చినప్పుడు బంతి కొద్దిగా కదిలింది. అది అతనికి తప్ప ఎవరికీ కనిపించలేదు. అతడు తనమీద తానే ఒక దెబ్బ శిక్ష వేసుకున్నాడు. చివరికి విల్లీ మక్‌ఫర్లేన్‌తో సమంగా నిలిచి, విజేతను తేల్చే ఆటలో ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. ఉపనిషత్తులు చెప్పే సాక్షి, అంటే చేసేదాన్నంతా లోపల నుంచి చూస్తూ దేనికీ అంటకుండా ఉండేది, ఆ గడ్డిలో పనిచేసింది. బిళ్లంగోడులోనూ ఇటువంటి ఏర్పాటు ఉంది. బిళ్ల ఎంత దూరం పోయిందో కొట్టినవాడే కర్ర కొలతల్లో అంచనా వేసి చెబుతాడు. ఎదుటివారు ఒప్పుకుంటే ఆ లెక్క అతనిది. ఒప్పుకోకపోతే కర్రతో కొలుస్తారు, చెప్పినదానికంటే తక్కువ వస్తే ఉన్నదీ పోతుంది. ఏడెనిమిదేళ్ల పిల్లవాడు గెలుపు మీద ఆశకూ ఉన్న నిజానికీ మధ్య నిలబడి ఒక సంఖ్య పలికే ఆ క్షణం ధర్మశాస్త్రంలోని ఏ అధ్యాయానికీ తీసిపోదు. మార్కాపురం గనుల రాయితో చేసిన పలకల మీద ఎన్నో ప్రాంతాల పిల్లలు అక్షరాలు దిద్దారు, అంకెలు వేశారు; ఆ పలక మీద తప్పు రాస్తే తడిగుడ్డతో తుడవవచ్చు. నోటితో పలికిన లెక్క అలా తుడుచుకుపోదు.

ఔత్సాహికుడికి ఇంగ్లిషులో వాడే అమెచ్యూర్ అన్న మాటకు మూలం లాటిన్‌లో ప్రేమించేవాడు అని అర్థమిచ్చే పదం. జీతం కోసమో బహుమతి సొమ్ము కోసమో కాక, ఆట మీద ప్రీతితో ఆడేవాడన్నమాట. తెలుగులో ఔత్సాహికుడన్న పదం ఆ ప్రీతిని దాదాపు అందుకుంటుంది. బాబీ జోన్స్ వృత్తిరీత్యా న్యాయవాది, పోటీల్లో ఆడినంత కాలం ఔత్సాహికుడుగానే ఉన్నాడు. 1930లో ఆనాటి నాలుగు పెద్ద పోటీలనూ గెలిచి, 28 ఏళ్లకే పోటీల నుంచి తప్పుకున్నాడు. తక్కువ నేర్పు గలవాడన్న అర్థంలో ఔత్సాహికుడన్న మాటను వాడడం పొరపాటు. బెర్నార్డ్ సూట్స్ అనే తత్త్వవేత్త 1978లో అచ్చయిన ‘ది గ్రాస్‌హాపర్’ గ్రంథంలో ఆటకు ఒక నిర్వచనం ఇచ్చాడు: అవసరం లేని అడ్డంకులను స్వచ్ఛందంగా దాటే ప్రయత్నమే ఆట. బంతి గుంటలో పడడమే కావాలంటే చేత్తో తీసుకెళ్లి వేయవచ్చు. కర్రతో దూరం నుంచి కొట్టి వేయాలన్న అడ్డంకిని మనిషి తానుగా పెట్టుకున్నాడు, ఆ అడ్డంకి కోసమే ఆడుతున్నాడు. ఇది భారతీయ దర్శనంలోని లీలాభావానికి చాలా దగ్గరికి వస్తుంది. ఏ కొరతా లేని బ్రహ్మానికి సృష్టి చేయవలసిన ప్రయోజనం ఏముందన్న ఆక్షేపం బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయం మొదటి పాదంలో వస్తుంది. దానికి సూత్రకారుడి సమాధానం లీల. కోరికలన్నీ తీరిన రాజు ఏ ప్రయోజనమూ ఆశించకుండా క్రీడల్లో పాల్గొన్నట్టు సృష్టి జరుగుతుందని శంకరులు వివరించారు.

నల్లమలకు ఆవలి వైపున ఉన్న అహోబిలంలో ఏటా కనుమ నాడు మొదలయ్యే పారువేట ఉత్సవం ఈ లీలనే ఊరేగిస్తుంది. వేటకు బయలుదేరిన నరసింహస్వామి పల్లకి వైపు చెంచులు బాణం సంధిస్తారు. స్వామి తన దేవేరి చెంచులక్ష్మి పుట్టింటివారైన వారి మర్యాద అందుకుని, చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి వస్తాడు. అది వేట, అయినా చంపడం లేదు. గురి ఉంది, ఫలం లేదు. ఆ ఉత్సవాన్ని చూసిన ఏ పల్లెవాసికైనా నిష్కామకర్మ అర్థం కావడానికి భాష్యం చదవవలసిన పని ఉండదు.

ఇంత చెప్పిన తరువాత పశ్చిమ ప్రకాశంలో గోల్ఫ్ మైదానం కావాలా అన్న ప్రశ్న వస్తే, అక్కర్లేదన్నదే సమాధానం. స్కాట్లండ్ సముద్రతీరపు ఇసుక నేలలో వాన నీటికే పెరిగే గడ్డి మీద గోల్ఫ్ పుట్టింది. వెలిగొండ ప్రాజెక్టు నీటి కోసం దశాబ్దాలుగా ఎదురుచూస్తూ, బోరు నీటిలో ఫ్లోరైడ్‌తో బాధపడుతున్న ఊళ్ల మధ్య పచ్చిక కోసం నీళ్లు పారించడం ధర్మం కాదు. ఏ నేల ఇచ్చే ఆట ఆ నేల మీద ఆడడమే న్యాయం, ఈ నేల ఇచ్చిన ఆటలో గోల్ఫ్ నేర్పేదంతా ఉంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల నుంచి వెళ్లి హైదరాబాదులోనో బెంగళూరులోనో విదేశాల్లోనో గోల్ఫ్ కర్ర పట్టినవారు సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు, ఒక పూట కోత అయిన చేలో పిల్లలతో కలిసి బిళ్లంగోడు ఆడాలి. కర్రను తుమ్మ కొమ్మతో చెక్కించుకోవాలి. బిళ్ల ఎంత దూరం పోయిందన్న లెక్కను పిల్లల నోటికే వదిలిపెట్టాలి.